విప్పనంతసేపే విలువ: పాత బేస్‌బాల్ కార్డుల పెట్టెల లెక్క

1980లో అమెరికాలో టాప్స్ కంపెనీ బేస్‌బాల్ కార్డుల ప్యాకు 25 సెంట్లు. అందులో పదిహేను కార్డులు, ఒక బబుల్‌గమ్ పలక. కొట్లో కౌంటర్ మీద మూత వెనక్కి మడిచి పెట్టే అట్టపెట్టెలో అలాంటి ప్యాకులు 36. మొత్తం పెట్టె 9 డాలర్లు. ఇవాళ అదే పెట్టె, ఎవరి చెయ్యీ పడలేదని నమ్మకం కుదిరితే, వేల డాలర్లు పలుకుతుంది. లోపలుండే 540 కార్డులనూ మామూలు స్థితిలో విడిగా కొనుక్కుంటే అందులో చిన్న వాటా కూడా ఖర్చవదు. మరి ఆ మిగతా డబ్బు దేనికి?

ఎవరూ చూడలేదన్న మాటకి. గుట్టు గుప్పిట్లో ఉన్నంతసేపే అంటారు కదా, ఈ పెట్టెల బేరమంతా ఆ మూసిన గుప్పిట మీదే. అయితే గుప్పిట నిజంగా మూసే ఉందా, ఒకసారి తెరిచి మళ్లీ మూశారా అన్నదే అసలు ప్రశ్న. ధరలో పెద్ద భాగం ఆ ప్రశ్నకి దొరికే జవాబుకే పోతుంది.

మన దగ్గర 1980లు, 90లలో పెరిగినవాళ్లకి బిగ్ ఫన్ బబుల్‌గమ్ కవర్లలో వచ్చిన క్రికెటర్ల బొమ్మలు గుర్తుండే ఉంటాయి. అమెరికా పిల్లలకి బేస్‌బాల్ కార్డులూ అంతే. గమ్ నమిలేశారు, కార్డులు సైకిల్ చక్రం పుల్లలకి తగిలించి టపటపలాడించారు, పెద్దయ్యాక తల్లులు చెత్తలో పడేశారు. విప్పని ప్యాకు ఇన్నేళ్లు మిగిలిందంటే అది కొట్లో అమ్ముడుపోని సరుకై ఉండాలి, లేదా కార్డుల వ్యాపారి కావాలని దాచిపెట్టి ఉండాలి.

ఈ రెండో రకం ఎప్పుడు మొదలైందో తెలిస్తే ఏ సంవత్సరం పెట్టె ఎందుకంత అరుదో అర్థమవుతుంది. 1973 దాకా టాప్స్ తన కార్డులను ఒక్కసారిగా విడుదల చేసేది కాదు. ఆటల సీజన్ సాగుతుంటే విడతలు విడతలుగా వదిలేది. చివరి విడత వచ్చేసరికి పిల్లల మనసు ఫుట్‌బాల్ మీదకి మళ్లేది, కొట్లవాళ్లు ఆర్డరు తగ్గించేవాళ్లు. 1952 సెట్‌లో 407 కార్డులుంటే, బేస్‌బాల్ దిగ్గజం మికీ మాంటిల్ కార్డు 311వ నంబరు, అంటే చివరి విడతలో. ఆ విడత మిగులు సరుకు ఎవరికీ అక్కర్లేక గోడౌన్‌లో ఏళ్ల తరబడి పడి ఉంది. ఆ సెట్‌ను రూపొందించిన సై బెర్గరే 1960లో దాన్ని పడవకెత్తించి న్యూజెర్సీ తీరం అవతల అట్లాంటిక్‌లో పారబోయించాడు. అదే మాంటిల్ కార్డు ఒకటి, కార్డుల స్థితికి పదికి ఇన్నని మార్కులేసే ఎస్‌జీసీ సంస్థ 9.5 గ్రేడ్ ఇచ్చినది, 2022 ఆగస్టులో హెరిటేజ్ వేలంలో 1 కోటి 26 లక్షల డాలర్లు పలికింది. 1991లో దాని ధర 50 వేల డాలర్లు.

1974 నుంచి సెట్ అంతా ఒకేసారి రావడం మొదలైంది. ఆ దశాబ్దం చివరికి కార్డుల వ్యాపారం ఒక వృత్తిగా తయారై, కొందరు వ్యాపారులు కేసులకు కేసులు కొని పక్కన పెట్టారు. కేసంటే ఫ్యాక్టరీ నుంచి చాలా పెట్టెలు కలిపి వచ్చే పెద్ద డబ్బా. 1950ల నాటి పూర్తి పెట్టె ఇవాళ దాదాపు కనిపించదు, 1970ల చివరివి అరుదుగానైనా దొరుకుతాయి అంటే కారణం ఇదే. 1981లో ఫ్లీర్, డాన్‌రస్ కంపెనీలు టాప్స్ గుత్తాధిపత్యం చెల్లదన్న కోర్టు తీర్పు బలంతో మార్కెట్లోకి దిగాయి. అదే ఏడాది పై కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. అయినా అవి తగ్గలేదు. టాప్స్ హక్కు గమ్‌తో కలిపి అమ్మే కార్డుల మీదే కాబట్టి గమ్ తీసేసి, డాన్‌రస్ బొమ్మల పజిల్ ముక్కలు, ఫ్లీర్ స్టిక్కర్లు పెట్టి అమ్ముకున్నాయి. 1980ల చివరికి కార్డులంటే పెట్టుబడి అన్న పిచ్చి ముదిరింది. కంపెనీలు అంతూపొంతూ లేకుండా అచ్చేశాయి, జనం పెట్టెలు విప్పకుండా దాచారు. సుమారు 1987 నుంచి 1993 దాకా వచ్చిన ఈ సరుకును అక్కడ జంక్ వ్యాక్స్ అంటారు, అంటే మైనపు కాగితం ప్యాకుల చెత్త. 1990 డాన్‌రస్ పెట్టెకి ద్రవ్యోల్బణం కలిపి లెక్కేస్తే ఇవాళ అప్పటి కొట్టు ధర కూడా రాదు. పాతదైనంత మాత్రాన, విప్పనిదైనంత మాత్రాన విలువ రాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఆ కాలంలో నిలబడ్డవి ఏవో కొన్ని. కెన్ గ్రిఫీ జూనియర్ మొదటి కార్డున్న 1989 అప్పర్ డెక్ వాటిలో ఒకటి.

పెట్టెలో ఏముందో కాగితం మీద లెక్కేయడం

కొనేముందు వేయాల్సిన లెక్క ఒకటుంది. కష్టమైనదేం కాదు, అయినా చాలామంది వేయరు.

టాప్స్ ఆ రోజుల్లో కార్డులను 132 చొప్పున పెద్ద షీట్ల మీద అచ్చేసేది. 1980 సెట్‌లో కార్డులు 726. ఆరు షీట్లంటే 792 చోట్లు. మిగిలిన 66 చోట్లలో 66 కార్డులు రెండోసారి అచ్చయ్యాయి. ఆ సెట్‌లో అందరూ వెతికే రికీ హెండర్సన్ తొలి కార్డు, 482వ నంబరు, ఈ రెండుసార్లు పడ్డవాటిలో లేదు. కాబట్టి 540 కార్డుల పెట్టెలో హెండర్సన్ సగటున 540 బై 792, అంటే 0.68. మూడు పెట్టెలు విప్పితే రెండు హెండర్సన్లన్నమాట. 1975 సెట్‌లో 660 కార్డులు, సరిగ్గా ఐదు షీట్లు. ప్యాకుకి పది కార్డులు, పెట్టెకి 360. జార్జ్ బ్రెట్ తొలి కార్డు సగటున 0.55, రాబిన్ యౌంట్ కూడా అంతే. బాస్కెట్‌బాల్‌లో 1986 ఫ్లీర్ సెట్ మొత్తం 132 కార్డులే, పెట్టెలో 432. మైకేల్ జోర్డాన్ కార్డు పెట్టెకి సగటున 3.27, అంటే సాధారణంగా మూడు, అప్పుడప్పుడు నాలుగు. బేస్‌బాల్ పెట్టెల కంటే ఆ పెట్టె ఎందుకంత ఎత్తున ఉంటుందో ఈ ఒక్క భాగహారం చెప్పేస్తుంది.

తర్వాతి మెట్టు గ్రేడు. ప్యాకులోంచి అప్పుడే తీసిన కార్డు కొత్తది కాబట్టి పీఎస్‌ఏ అనే గ్రేడింగ్ సంస్థ దగ్గర పదికి పది వస్తుందనుకోవడం ఈ రంగంలో అన్నిటికంటే ఖరీదైన పొరపాటు. 1980 హెండర్సన్ కార్డులు ఇరవై వేలకు పైగా గ్రేడింగ్‌కి వెళితే 10 వచ్చినవి పాతిక దరిదాపుల్లోనే ఉన్నాయి. అంటే వెయ్యికి ఒకటి, అటూ ఇటూగా. కారణాలు కార్డు ఫ్యాక్టరీ దాటకముందే మొదలవుతాయి. షీటు కోసేటప్పుడు కత్తి పక్కకి జరిగితే బొమ్మ ఒక అంచుకి ఒరుగుతుంది. ముందువైపు అంచుల నిష్పత్తి 55/45 దాటిందా, 10 మీద ఆశ వదులుకోవాల్సిందే. అచ్చులో పడ్డ చుక్కలు, మొద్దుబారిన కత్తి వదిలిన పీచు అంచులు అదనం. ప్యాకులో ఒక చివరి కార్డుకి కవరు మైనం అంటుతుంది, ఇంకొకదానికి గమ్ మరక పడుతుంది. ముందువైపు నిగనిగలాడే పూత మీద పడ్డ మైనాన్ని మెత్తటి నైలాన్ గుడ్డతో సుతారంగా తుడిస్తే పోతుంది. గమ్ మరక అట్టలోకి ఇంకుతుంది, అది పోదు.

ఈ రెండు లెక్కలూ గుణిస్తే తేలేది ఒకటే: ధ్రువీకరణ పొందిన పాత పెట్టెను ఇవాళ్టి ధరకి కొని విప్పితే సగటున నష్టం. లాటరీ టికెట్టు లాంటిదే, కాకపోతే గీకకుండా దాచుకుంటే దాని ధర పెరిగే అవకాశం ఉంటుంది. అయినా విప్పేవాళ్లు ఉంటూనే ఉంటారు. ప్యాకులను ముందే అమ్మేసి, లైవ్ వీడియోలో విప్పి చూపించే బ్రేకర్లకి లాభం కార్డుల్లోంచి రాదు, ప్యాకుకి వేసే మార్జిన్‌లోంచి వస్తుంది. వాళ్లు విప్పిన ప్రతి పెట్టెకీ మిగిలినవి ఒకటి తగ్గుతాయి, దాచుకున్నవాళ్లకి కావలసిందీ అదే.

మైనం చెప్పే సంగతులు

వ్యాక్స్ ప్యాక్ అంటే మైనం పట్టించిన కాగితపు పొట్లం. రెండు చివరలనూ వెనక్కి మడిచి, యంత్రం వేడి పలకతో నొక్కితే మైనం కరిగి అతుక్కుంటుంది. జిగురు వాడరు. మోసానికి దారి ఇక్కడే. కాస్త వేడి తగిలిస్తే మడత విడిపోతుంది, మళ్లీ వేడి పెడితే అతుక్కుంటుంది. ఇస్త్రీ పెట్టె చాలు. మంచి కార్డు తీసేసి అదే సంవత్సరం మామూలు కార్డు ఒకటి దూర్చేస్తారు. ఖాళీ కవర్లు, ఖాళీ పెట్టెలు కూడా సేకరణ వస్తువులుగా బహిరంగంగానే అమ్ముడవుతాయి. మోసగాడికి ముడిసరుకు కొరత లేదు.

అయితే కాగితానికి జ్ఞాపకశక్తి ఎక్కువ. ప్యాకును వెనక్కి తిప్పి, పక్కనుంచి వెలుతురు పడేలా పెట్టుకుని పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో చూస్తే కొన్ని సంగతులు బయటపడతాయి. ఫ్యాక్టరీ అతుకులో మైనం పలచగా, అంతటా ఒకే తీరుగా పరుచుకుని ఉంటుంది. రెండోసారి వేడి పెట్టినదాంట్లో అది ఒకచోట నూనె మరకలా కాగితంలోకి ఇంకిపోయి, ఇంకోచోట గడ్డగా నిలుస్తుంది. మడత గీత ఒక్కటే ఉండాలి. దానికి ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో ఇంకో పాత గీత సమాంతరంగా కనిపిస్తే ఆ ప్యాకు ఒకసారి తెరుచుకుంది. విడదీసేటప్పుడు లేచిన సన్నటి కాగితపు పీచు అతుకు అంచున నిలబడి ఉందేమో చూడాలి. దశాబ్దాల పాటు లోపలున్న గమ్ పలక తన ఆకారాన్ని కవరు మీద నలుచదరపు ఉబ్బుగా ముద్రిస్తుంది. వేలితో మెల్లగా తడిమితే ఉబ్బు ఒకచోట, గట్టి పలక ఇంకోచోట తగిలిందంటే లోపల ఏదో కదిలింది. పాత గమ్ గాజులా పెళుసు, ప్యాకును వంచి చూడకూడదు.

సెలోఫేన్‌లో చుట్టిన సెలో ప్యాకుల్లోనూ, మూడు అరలుగా వేలాడదీసి అమ్మిన ర్యాక్ ప్యాకుల్లోనూ పైకార్డు, అడుగుకార్డు బయటికే కనిపిస్తాయి. పేరున్న ఆటగాడు పైన కనిపిస్తే ధర ఎన్నో రెట్లు. కాబట్టి ‘కనిపించే స్టార్’ ఉన్న ర్యాక్ ప్యాకును మొదట అనుమానించి ఆ తర్వాతే ముచ్చటపడాలి. మధ్యలో అన్నీ పనికిరాని కార్డులు పెట్టి, పైన మాత్రం స్టార్‌ని పెట్టి తయారుచేసినవి బోలెడు. అమ్మే యంత్రాల్లో నింపడానికని తయారైన, 500 కార్డులుండే వెండింగ్ పెట్టెల్లో గమ్, మైనం బెడద లేదు, కార్డులు శుభ్రంగా ఉంటాయి. కానీ అవి ఉత్త అట్టపెట్టెలు, సీలంటూ ఏదీ లేదు. ఎక్కడినుంచి వచ్చాయన్న చరిత్రే వాటికి దిక్కు.

ఇంకో మోసానికి అమ్మే ప్యాకు కవరు విప్పాల్సిన పని కూడా లేదు. షీట్లు కోసి పేర్చే యంత్రం వల్ల కార్డులు దాదాపు ఒకే వరుసలో ప్యాకుల్లోకి వెళ్లేవి. ఏ కార్డు పక్కన ఏది వస్తుందో తెలిసినవాడు పెట్టెలో రెండు మూడు ప్యాకులు విప్పితే చాలు, మిగతావాటిలో స్టార్ ఏ ప్యాకులో ఉందో ఊహించగలడు. ఆ ప్యాకులు తను ఉంచుకుని, మిగిలినవి ‘నిజంగా విప్పనివే’ అని విడిగా అమ్ముతాడు. అబద్ధమూ కాదు, నిజాయితీ అంతకన్నా కాదు. విడి ప్యాకుల ధర పెట్టెలోని ప్యాకుల సగటు ధర కంటే తక్కువగా ఉండడానికి ఇదొక కారణం. 1986 ఫ్లీర్ విడి ప్యాకు విషయంలో ఈ అనుమానం ఇంకా బలంగా ఉండాలి.

నమ్మకాన్ని ఎవరు అమ్ముతున్నారు

విచిత్రం ఏమిటంటే 1970లు, 80ల టాప్స్ వ్యాక్స్ పెట్టెలకి ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ చుట్టే లేదు. మూత ఎత్తితే ప్యాకులు చేతికొస్తాయి. అంటే ‘సీల్ చేసిన 1980 టాప్స్ పెట్టె’ అని అమ్మేవాడు ఆ సీల్ ఎవరు వేశారో చెప్పి తీరాలి. ఈ ఖాళీని పూరించింది బేస్‌బాల్ కార్డ్ ఎక్స్ఛేంజ్ అనే సంస్థ, క్లుప్తంగా బీబీసీఈ. వాళ్లు పెట్టెలోని ప్యాకులు పరిశీలించి, నమ్మకం కుదిరితే పెట్టెకి తమ సొంత ప్లాస్టిక్ చుట్టి, పేరున్న స్టిక్కరు వేస్తారు. కేసును వాళ్ల ముందే తెరిచి తీసిన పెట్టె అయితే లేబుల్ మీద ఆ మాట కూడా రాస్తారు: ‘ఫ్రమ్ ఎ సీల్డ్ కేస్’, సంక్షిప్తంగా ఎఫ్‌ఏఎస్‌సీ. మామూలు చుట్టు కంటే దానికి ధర ఎక్కువ, అందులో న్యాయం ఉంది: పెట్టె కేసులోంచి నేరుగా వచ్చిందంటే మధ్యలో ఎవరూ ప్యాకులు ఏరుకోలేదని అర్థం.

ఆ చుట్టు కూడా దేవుడిచ్చిన వరం కాదు. 2021 చివర్లో యూట్యూబర్ లోగన్ పాల్ 35 లక్షల డాలర్లకి కొన్న పోకెమాన్ కార్డుల కేసు ఇందుకు ఉదాహరణ. నిపుణుల ధ్రువీకరణ పొందిన ఆ కేసును 2022 జనవరిలో కెమెరా ముందు తెరిస్తే పోకెమాన్ పెట్టెలు లేవు, జీఐ జో అనే సైనికుల బొమ్మల కార్డులున్నాయి. కేసును తెరవకుండా బయటి అట్ట, టేపు, లేబుల్ చూసి చెప్పే మాటకి ఉండే హద్దు అది. పెట్టెలో ప్యాకులు కంటికి కనిపిస్తాయి, మూసిన కేసులో ఏదీ కనిపించదు. కాబట్టి సంఖ్య పెరిగేకొద్దీ భద్రత పెరుగుతుందనుకోవడం తప్పు. ఒక ప్యాకు కంటే పెట్టె నయం, కానీ విప్పని కేసు అన్నిటికంటే పెద్ద నమ్మకాన్ని అడుగుతుంది.

సరైన చరిత్ర ఉంటే కేసు ఎంత పలుకుతుందో 2024 ఫిబ్రవరిలో తేలింది. కెనడాలోని సస్కాచువాన్ రాష్ట్రంలో ఒక ఇంట్లో బయటపడ్డ 1979–80 ఓ-పీ-చీ హాకీ కార్డుల కేసు హెరిటేజ్ వేలంలో 37 లక్షల 20 వేల డాలర్లు పలికింది. కేసులో 16 పెట్టెలు, పెట్టెకి 48 ప్యాకులు, ప్యాకుకి 14 కార్డులు, మొత్తం 10,752. సెట్‌లో 396 కార్డులు కాబట్టి వేన్ గ్రెట్స్కీ తొలి కార్డులు సగటున 27 ఉండాలి. పెట్టెకి 2 లక్షల 32 వేల 500 డాలర్లు, ప్యాకుకి దాదాపు 4,840 పడిందన్నమాట. ప్రతి గ్రెట్స్కీకీ సుమారు లక్షా 37 వేలు రాబడితేనే పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. ఓ-పీ-చీ కార్డుల అంచులు ఎంత గరుకుగా తెగి ఉంటాయో తెలిసినవాళ్లెవరూ ఆ ధైర్యం చేయరు. కొనేవాళ్లు దాన్ని విప్పడానికి కొనరు.

ఎత్తు చూసి ఎగబడేవాళ్లు పల్లం కూడా చూడాలి. 2021 జనవరిలో పదికి పది వచ్చిన జోర్డాన్ 1986 ఫ్లీర్ కార్డు 7 లక్షల 38 వేల డాలర్లు పలికింది. ఏడాదిన్నర తిరిగేసరికి అలాంటిదే మూడో వంతు కంటే తక్కువకి దొరికింది. ఇంట్లో కూర్చున్న కోవిడ్ రోజుల డబ్బు, లైవ్ వీడియోల ఊపు కలిసి పెంచిన ధర అది. పెట్టెలు కార్డులంత వేగంగా పడవు, ఎందుకంటే సరఫరా ఎప్పటికీ తగ్గుతూనే ఉంటుంది. కానీ లోపలి స్టార్ కార్డు ధర జారితే పెట్టె కూడా ఆ దారినే పడుతుంది. ఒకే స్టార్ మీద ఆధారపడ్డ పెట్టెకి ఈ బెడద ఎక్కువ.

దీనికి తోడు ఓ కొత్త చిక్కు. 2024లో అమెరికాలో ఒక పారిశ్రామిక తనిఖీ సంస్థ సీటీ స్కాన్‌తో విప్పని పోకెమాన్ ప్యాకుల్లో ఏ కార్డుందో చదివి చూపించింది. కవరు చెక్కుచెదరకుండానే లోపలి గుట్టు తెలిసిపోతే ‘విప్పలేదు’, ‘చూడలేదు’ అన్న మాటలు రెండూ ఒకటి కాకుండా పోతాయి. ఖరీదైన విడి ప్యాకులకే దీని దెబ్బ ముందు తగిలేది. స్కాన్ ఖర్చు పెట్టేందుకు తగినంత ధర వాటికే ఉంటుంది.

దాచడం, అమ్మడం

పెట్టెకి శత్రువులు వేడి, తేమ, బరువు, వెలుతురు. 18–21 డిగ్రీల సెల్సియస్, గాల్లో తేమ 45–50 శాతం ఉండే గది సరిపోతుంది. టెక్సస్, అరిజోనాల్లో వేసవి గ్యారేజీలో పెడితే మైనం మెత్తబడి ప్యాకులు ఒకదానికొకటి అంటుకుంటాయి, మైనం చివరి కార్డుని దాటి లోపలికి పాకుతుంది. అక్కడి మన తెలుగువాళ్ల ఇళ్లల్లో ఆవకాయ జాడీలూ, పాత సూట్‌కేసులూ పెట్టే చోటే ఆ గ్యారేజీ, పెట్టెలు మాత్రం అక్కడ పెట్టకూడదు. ఒకదాని మీద ఒకటి పేరిస్తే అడుగు పెట్టె మూలలు నలుగుతాయి. అక్రిలిక్ డబ్బాలో విడివిడిగా పెట్టి, ఎండ తగలని బీరువాలో ఉంచాలి. గాలి పీల్చేసి సీల్ చేసే వ్యాక్యూమ్ సంచులు వద్దు, ఆ ఒత్తిడికి అట్ట వంగిపోతుంది. కాగితం తినే వెండిపురుగులు పట్టకుండా ఏడాదికి రెండుసార్లైనా తీసి చూసుకోవాలి. మామూలు ఇంటి బీమా ఇలాంటి సేకరణలకి సాధారణంగా పూర్తిగా వర్తించదు, విడిగా పాలసీ తీసుకోవాలి.

అమ్మకం దగ్గరకొచ్చేసరికి లెక్క మారుతుంది. వేలంలో 10,000 డాలర్లకి సుత్తి పడితే, కొన్నవాడు 20 శాతం కమీషన్ కలిపి 12,000 కడతాడు. తర్వాత అదే దారిలో అమ్మితే, అమ్మకందారు కమీషన్ 10 శాతం అనుకుంటే, 12,000 చేతికి రావాలంటే సుత్తి 13,333 దగ్గర పడాలి, అవతలి కొనుగోలుదారు 16,000 కట్టాలి. అంటే మార్కెట్ ధర మూడో వంతు పెరిగితే గానీ అసలు తిరిగిరాదు. ఆపైన లాభం వస్తే, ఏడాదికి మించి దాచుకున్నా సరే, అమెరికా పన్ను చట్టం దీన్ని షేర్లతో సమానంగా చూడదు. సేకరణ వస్తువుల లాభం మీద గరిష్ఠంగా 28 శాతం ఫెడరల్ పన్ను పడుతుంది. కొన్న రసీదు, ధ్రువీకరణ చీటీ, పెట్టె నాలుగు వైపుల ఫోటోలు మొదటిరోజునే ఒకచోట పెట్టుకోకపోతే, పదేళ్ల తర్వాత పన్నువాళ్లకి కొన్న ధర చూపించడమూ కష్టమే, కొనేవాడికి పెట్టె చరిత్ర చెప్పడమూ కష్టమే.